ఎవరెస్టు ఆర్భాటంపై వ్యంగ్య చిత్రం గీయడం ఎలా: గోదావరి డెల్టా కార్టూనిస్టులకు సమగ్ర మార్గదర్శి

ఎత్తైన పర్వతాల ఆరోహణ చుట్టూ పెరిగిన ఆర్భాటంపై కార్టూన్ గీయడం ఎలాగని అమలాపురం, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో కొత్తగా కలం పట్టినవారు తరచు అడుగుతున్నారు. వారి చిత్రాలలో గీత బాగానే ఉంటుంది. అయితే కొండ ఒక త్రిభుజంగా, కొన మీద ఒక జెండాగా, కింద ఒక శ్లేషగా మిగిలిపోతుంది. ఏ పత్రికలోనైనా కనిపించే ఆ బొమ్మలో ఎవరెస్టూ ఉండదు, గోదావరీ ఉండదు.

ఈ రకపు కార్టూన్ పండాలంటే రెండు విషయాలు కావాలి. అక్కడి పర్వతారోహణ నిజంగా ఎలా సాగుతుందో వివరంగా తెలిసి ఉండాలి. ఆ బరువును ఎవరు మోస్తున్నారో చిత్రంలో కనిపించాలి. కింది మెట్లన్నీ ఈ రెండింటి కోసమే కాబట్టి, వాటిని వరుస తప్పకుండా పాటించడం మంచిది.

1. ముందుగా గురిని నిర్ణయించుకోవాలి

పెన్సిలు ముట్టుకోక ముందే ఒక కాగితం మీద "నేను ఎవరిని చూసి నవ్విస్తున్నాను?" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాసుకోవాలి. జవాబు రెండు వాక్యాలైతే అవి రెండు కార్టూన్లు. వాటిని ఒకే చట్రంలో ఇరికించకూడదు.

వ్యంగ్యానికి తగిన గురులు ఈ రంగంలో కావలసినన్ని ఉన్నాయి:

☐ అనుభవం కంటే డబ్బును ముందు నిలబెట్టే పద్ధతి
☐ శిఖరం కింద ఏర్పడే మనుషుల వరుసలు
☐ "మొట్టమొదటి" అన్న మాట కోసం విశేషణాలు పేర్చుకునే రికార్డుల మోజు
☐ దొంగ ఫోటోలు, అసలు కొనకు చేరకుండానే చేసే ప్రకటనలు
☐ తిరిగి వచ్చాక జరిగే సన్మానాలు, ఫ్లెక్సీలు, "నేనొక్కడినే" అనే ప్రసంగాలు
☐ పైన వదిలి వచ్చే చెత్త

గురి పెట్టకూడనివి కూడా ఉన్నాయి. పర్వతం మీద మరణించినవారు, వారి దేహాలు, జీతం కోసం బరువు మోసేవారు, ఆ ప్రాంతపు ప్రజల పూజలు, ప్రార్థనా పతాకాలు నవ్వుకు వస్తువులు కారాదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టుకు వెళ్ళే దారిలో, మంచు పగుళ్ళతో నిండిన ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 25న వచ్చిన భూకంపం వల్ల, ఆరోహణ మొదలయ్యే మజిలీ అయిన బేస్ క్యాంపు మీదికే మంచుచరియ దూసుకొచ్చింది. ఆ రెండు తేదీలు గుర్తుంటే మంచుచరియను హాస్యానికి వాడుకోవాలన్న ఆలోచన రాదు.

తెలుగువారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి, 2015లో ఆండీస్ పర్వతాలలో మరణించారు. వీరి సాహసంలో వ్యంగ్యానికి చోటు లేదు. అలాంటి విజయం తరువాత ఊరి కూడలిలో వెలిసే ఫ్లెక్సీలో, నాయకుల ముఖాలు పెద్దవిగా, ఎక్కిన పిల్ల ముఖం తపాలా బిళ్ళంతగా ఉన్నప్పుడు, ఆ ఫ్లెక్సీలో మాత్రం కావలసినంత చోటుంది.

2. వాస్తవాల పట్టీ తయారు చేసుకోవాలి

కార్టూన్‌లో అతిశయోక్తి ఉండవచ్చు. అది నిలబడే నేల మాత్రం నిజమైనదై ఉండాలి. ఒకసారి ట్రెక్కింగుకు వెళ్ళి వచ్చిన పాఠకుడు చిత్రంలో ఒక్క తప్పు పట్టుకున్నా నవ్వడం మానేసి తప్పులు లెక్కపెడతాడు. అందుచేత కింది విషయాలను నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ప్రతి అంశం పక్కన అందులోంచి పుట్టగల నవ్వును కూడా రాసుకుంటే పట్టీ ఉపయోగపడుతుంది.

ఎత్తు: నేపాల్, చైనా కలిసి 2020 డిసెంబరులో ప్రకటించిన ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు. ప్రపంచంలో 8,000 మీటర్లు దాటిన శిఖరాలు 14. ఆ ఎత్తుకు పైన ఉన్న ప్రాంతాన్ని మృత్యు మండలం అంటారు. ఎవరెస్టు కొన మీద గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండే దానిలో సుమారు మూడో వంతు మాత్రమే. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో బతికే అంతర్వేది, ఓడలరేవు పాఠకులకు ఈ తేడాను చూపడమే ఒక కార్టూన్ అవుతుంది.

ఆక్సిజన్: 1978 మే 8న రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హబెలర్ సిలిండరు లేకుండా తొలిసారి ఎవరెస్టు ఎక్కారు. నేటికీ ఎక్కువమంది సిలిండర్ల సాయంతోనే ఎక్కుతారు. ఆ సిలిండర్లను పై శిబిరాలకు చేర్చేది ప్రధానంగా ఆ ప్రాంతపు జాతివారైన షెర్పాలే. ఇది ఈ మార్గదర్శిలోని అతి ముఖ్యమైన వాస్తవం. ఎనిమిదో మెట్టులో దీన్నే వాడబోతున్నాము.

అలవాటు పడటం: ఎక్కేవారు నేరుగా పైకి పోరు. పై శిబిరానికి వెళ్ళి, కిందికి దిగి, మళ్ళీ ఇంకొంచెం పైకి వెళ్ళి, మళ్ళీ దిగుతారు. పలచని గాలికి శరీరం అలవాటు పడటానికి ఇది తప్పదు. డెల్టా గడపలో కూర్చున్న మామ్మగారికి ఈ పద్ధతిని వివరిస్తే ఆమె అడగబోయే ప్రశ్నే వ్యాఖ్య, అంటే బొమ్మతో పాటు రాసే మాట: "ఎక్కేవోడివి ఎక్కకుండా మళ్ళీ దిగడం ఎందుకురా, ఏదన్నా మర్చిపోయావా?"

వరుస: మే నెలలో రుతుపవనాల ముందు, కొనను తాకే తీవ్రమైన గాలులు కొద్ది రోజులు పక్కకు తొలగుతాయి. అందరూ ఆ కొద్ది రోజుల కోసమే కాచుకుని, ఒకేసారి బయలుదేరుతారు. 2019 మే 22న పర్వతారోహకుడు నిర్మల్ పుర్జా తీసిన ఫోటోలో శిఖరం కింది గట్టు మీద కనిపించిన పొడవాటి వరుసకు కారణం అదే. ఆ సంవత్సరం నేపాల్ 381 అనుమతులు ఇచ్చింది. 2023లో ఆ సంఖ్య 478కి చేరింది.

డబ్బు: విదేశీయులకు నేపాల్ వైపు నుంచి వసంత కాలపు అనుమతి రుసుమును 2025 సెప్టెంబరు నుంచి 11,000 డాలర్ల నుండి 15,000 డాలర్లకు పెంచారు. ఇది అనుమతి పత్రానికి మాత్రమే; శిబిరం, తిండి, సిలిండర్లు, సహాయకుల ఖర్చులు వేరు.

చెత్త: ఎక్కినవారు ఒక్కొక్కరు 8 కిలోల చెత్తను కిందికి తేవాలన్న నిబంధనను నేపాల్ 2014లో పెట్టింది. తమ మలాన్ని సంచులలో కిందికి తేవాలని స్థానిక పాలక సంస్థ 2024లో నియమం చేసింది. దీనికి డెల్టా వ్యాఖ్య తేలికగా దొరుకుతుంది. "అల్లుడుగారు ఎవరెస్టు నుంచి ఎనిమిది కిలోలు తెచ్చారంటండి!" "ఆయ్, ఏంటంటండీ?" "చెత్తంటండి."

వేగం: 2025 మేలో నలుగురు బ్రిటిష్ పర్వతారోహకులు ఎత్తుకు త్వరగా అలవాటు పడటానికని ముందుగా జెనాన్ వాయువు పీల్చి, లండన్‌లో బయలుదేరి శిఖరం ఎక్కి తిరిగి లండన్ చేరడాన్ని వారం రోజుల్లో ముగించారు. మే నెల ఆత్రేయపురం ప్రాంతంలో మామిడి తాండ్ర పోసే కాలం కూడా. పొర మీద పొర పోసి ఎండబెట్టే తల్లి, గుమ్మంలో బ్యాగు దించుతున్న కొడుకుతో "అప్పుడే వచ్చేశావేంట్రా, తాండ్ర ఇంకా ఎండనేలేదు" అంటే చాలు. చిత్రంలో ఇంకేమీ వివరించనక్కరలేదు.

అబద్ధం: 2016లో ఇద్దరు భారతీయులు మార్చిన ఫోటోలతో ఎవరెస్టు ఎక్కామని చెప్పుకోగా, నేపాల్ వారిని పదేళ్ళపాటు నిషేధించింది. నేపాల్‌లోని మనస్లు శిఖరం మీద చాలామంది అసలు కొనకు కొంచెం ముందే ఆగిపోతున్న సంగతి 2021లో డ్రోన్ తీసిన చిత్రంతో అందరికీ స్పష్టమైంది. ఈ సందర్భాలలో వ్యక్తుల పేర్లు వాడకుండా అలవాటును మాత్రమే గీయాలి. మన పట్టణాల పాత ఫోటో స్టూడియోలలో వెనుక వేలాడే తాజ్‌మహల్ తెర పక్కన ఎవరెస్టు తెర వేలాడదీసి, "సిలిండరు అద్దె వేరేనండి" అని స్టూడియో ఆయన చేత అనిపించవచ్చు.

3. డెల్టా దృశ్యాన్ని ఎంచుకోవాలి

డెల్టాలో కొండ లేదు. ఇక్కడి ఎత్తులు వేరు: కొబ్బరి చెట్టు, ఏటిగట్టు, గుడి గోపురం, మంచినీళ్ళ ట్యాంకు. పాఠకుడి కన్ను వీటికి అలవాటుపడి ఉంది. కాబట్టి ఎవరెస్టు మీది సంగతిని వీటిలో ఏదో ఒక దాని పక్కన నిలబెట్టాలి. అలంకారం కోసం డెల్టా వస్తువును మూలన పెడితే ప్రయోజనం ఉండదు. అది లేకపోతే నవ్వు పుట్టకూడదు. గీసిన తరువాత డెల్టా వస్తువును వేలితో కప్పి చూడండి. అప్పటికీ కార్టూన్ అర్థమైతే ఆ వస్తువు అనవసరం.

అన్నింటిలోకీ బలమైన దృశ్యం కొబ్బరి దింపు. కోనసీమలో దింపు కార్మికులు కాళ్ళకు బందం వేసుకుని, నడుముకు కత్తి కట్టుకుని రోజూ పదుల చెట్లు ఎక్కుతారు. వారికి శాలువా ఎవరూ కప్పరు. కూలి కోసం ఎత్తులు ఎక్కేవాడు, పేరు కోసం ఎత్తులు ఎక్కేవాడు ఒకే చట్రంలో పక్కపక్కన నిలిస్తే, ఖుంబూలో ఉన్న అసలు సంబంధం కోనసీమ పాఠకుడికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. నా అభిప్రాయంలో ఈ విషయం మీద డెల్టా కార్టూనిస్టుకు ఉన్నంత అధికారం మరొకరికి లేదు.

రెండవది పంటు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య వశిష్ఠ గోదావరి దాటడానికి మోటారు సైకిళ్ళు, మనుషులు వరుసలో నిలబడే దృశ్యం శిఖరం కింది వరుసకు చక్కగా సరిపోతుంది. ఈకలు నింపిన డౌన్ సూట్లు, మాస్కులు తొడుక్కున్న పది మంది పంటు రేవులో నిలబడి ఉండగా, టిక్కెట్లు ఇచ్చే ఆయన "చిల్లర ఉంచుకోండి బాబూ, పైన ఇవ్వరు" అనవచ్చు.

వరుస అనగానే చాలామందికి పుష్కర ఘాట్ తోస్తుంది. దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను. 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో పుష్కరాల తొలి రోజు తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. ఆ కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. 2027లో మళ్ళీ పుష్కరాలు రానున్నందున ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంటుంది.

ప్రభల తీర్థాన్ని కూడా ఆలోచించి వాడాలి. ఎత్తైన ప్రభను భుజాల మీద మోస్తూ కాలువ దాటించే భక్తుల దృశ్యం బరువు మోయడాన్ని గొప్పగా చూపగలదు. కాని నవ్వు భక్తి మీదికి జారే ప్రమాదం ఎక్కువ. చేయి తిరిగిన తరువాతే దాని జోలికి వెళ్ళాలి.

4. సామగ్రి

ఖరీదైనవి అవసరం లేదు.

☐ ఏ4 పరిమాణంలో మందపాటి తెల్ల కాగితం
☐ 2బి పెన్సిలు, రబ్బరు
☐ నల్ల సిరా, సన్నని కలం ఒకటి, లావు కలం ఒకటి
☐ వర్షాకాలం కోసం కాగితాలు దాచే మూత గట్టి డబ్బా

చివరిది ఇక్కడివారికి ముఖ్యం. శ్రావణ, భాద్రపదాలలో డెల్టా గాలిలోని తేమకు కాగితం మెత్తబడి సిరా పాకుతుంది; సన్న గీతలు లావెక్కుతాయి. ట్యాబ్లెట్ మీద గీసేవారికి ఈ బాధ ఉండదు. అయితే గీత మందాన్ని రెండు మూడు రకాలకే పరిమితం చేసుకోకపోతే, చిత్రం ఫోన్ తెర మీద చిందరవందరగా కనిపిస్తుంది.

5. కొండనూ మంచునూ గీసే వరుస

మొదట మనుషులను, తరువాత తాడును, చివర కొండను గీయాలి. తొలినాళ్ళలో అందరూ తలకిందులుగా చేస్తారు. కొండ కాగితాన్నంతా ఆక్రమించాక మనుషులకు చోటు మిగలదు.

మంచు అంటే ఖాళీ కాగితమే. రాయి కనిపించే చోట, నీడ పడే చోట మాత్రమే గీతలు వేయాలి. వెలుగు ఒకే వైపు నుంచి వస్తున్నట్టు ముందే నిర్ణయించుకుని, ఎదుటి వైపు ఏటవాలు గీతలు నింపితే సరిపోతుంది. మంచు అని తెలియడానికి చుక్కలు, నక్షత్రాలు చల్లకూడదు.

ఎవరెస్టును ఒంటరి త్రిభుజంగా గీయడం సర్వసాధారణమైన తప్పు. దాని పక్కన లోత్సే, నుప్సే శిఖరాలు గోడలా నిలబడి ఉంటాయి. నేపాల్ వైపు బేస్ క్యాంపు సుమారు 5,364 మీటర్ల ఎత్తున, హిమానీనదం మీద పేరుకున్న రాళ్ళ మధ్య ఉంటుంది. అక్కడ చెట్టన్నది ఉండదు. మరొక సంగతి, ఆ బేస్ క్యాంపు నుంచి ఎవరెస్టు కొన కనిపించదు. "నా వెనక ఎవరెస్టు" అంటూ అక్కడ ఫోటో దిగే పాత్రను గీసి, పక్కన టీ కప్పుతో నిలబడిన వంటాయన చేత "అది వేరే కొండండి" అనిపిస్తే, తెలిసిన పాఠకుడు రెండింతలు నవ్వుతాడు. తెలియని పాఠకుడికి కొత్త సంగతి తెలుస్తుంది.

పరికరాలు తక్కువే అయినా సరిగ్గా ఉండాలి:

☐ బూటు కింద ఉక్కు ముళ్ళ క్రాంపాన్లు. బూటు ముందు వైపు కూడా రెండు ముళ్ళు పొడుచుకు రావాలి
☐ నడుముకు కట్టిన హార్నెస్, దాని నుంచి తాడుకు తగిలించిన జుమార్ (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు)
☐ ఐస్ యాక్స్ ఏటవాలుకు పై వైపు ఉన్న చేతిలో
☐ వీపు సంచిలో నిలువుగా సిలిండరు, దాని నుంచి మాస్కుకు గొట్టం
☐ మంచు పగుళ్ళ మీద ఒకదానికొకటి కట్టిన అల్యూమినియం నిచ్చెనలు
☐ జెండాలు, తోరణాలు, కండువా కొసలు అన్నీ ఒకే దిక్కుకు ఎగరాలి

గొట్టం మాస్కు దగ్గర మొదలై గాలిలో అంతమైపోయే బొమ్మలు తరచు కనిపిస్తాయి. ఆ పాత్ర ఊపిరి ఎక్కడి నుంచి వస్తోందో గీసిన తరువాత వేలితో వెంబడించి చూసుకోవాలి.

6. మాస్కు చాటున ముఖాన్ని చూపడం

ఈ విషయంలో గీతకు ఎదురయ్యే అసలు కష్టం ఇదే. మాస్కు నోటిని, గాగుల్స్ కళ్ళను, టోపీ కనుబొమ్మలను కప్పేస్తాయి. ముఖ కవళికలు లేకుండా కార్టూన్ ఎలా నవ్విస్తుంది?

మొదటి మార్గం శరీర భంగిమ. డబ్బు పెట్టి వచ్చినవాడు వెనక్కి వాలి, చేతులు బారజాపి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు. మోసేవాడు ముందుకు వంగి, రెండు బొటనవేళ్ళూ పట్టీల కింద దూర్చి ఉంటాడు. ఈ రెండు భంగిమలనూ కేవలం నీడ బొమ్మలుగా నింపి చూడండి. ఎవరు ఎవరో తెలిస్తే ముఖం లేకపోయినా పని జరుగుతుంది.

రెండవ మార్గం, ఒకే ఒక్క పాత్రకు గాగుల్స్ నుదుటి మీదికి నెట్టి కళ్ళు చూపడం. ఆ కళ్ళు మోసేవాడివే అయి ఉండాలి. అప్పుడు పాఠకుడు ఆ దృశ్యాన్ని అతని వైపు నుంచి చూస్తాడు.

మూడవ మార్గం, మాటలను వాకీటాకీ నుంచి రప్పించడం. మాస్కు పెట్టుకున్న మనిషి నోటి దగ్గర మాటల బుడగ పెడితే అసహజంగా ఉంటుంది. బేస్ క్యాంపు నుంచి వచ్చే గొంతు, లేదా రాజోలు నుంచి ఫోన్ చేసిన బావమరిది గొంతు మాట్లాడితే ఇబ్బంది తీరుతుంది.

ఇవేవీ కుదరకపోతే శిఖరాన్ని వదిలి సన్మాన సభను గీయండి. అక్కడ ముఖాలన్నీ తెరిచే ఉంటాయి.

7. వ్యాఖ్య రాయడం

వ్యాఖ్య పన్నెండు మాటలు దాటకుండా చూసుకోవాలి. నవ్వు పుట్టించే మాట చివరికి రావాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, పక్క మాటలన్నీ ముందే ముగించి ఆ క్రియ దగ్గర పాఠకుణ్ణి ఆపవచ్చు.

మాట్లాడే పాత్ర గోదావరి మనిషైతే అతని మాట తీరు వినిపించాలి. "ఆయ్", "అండి" అవసరమైన చోట ఉంటే చాలు. ప్రతి మాటకూ తగిలిస్తే ఆ మనిషే నవ్వుకు వస్తువవుతాడు, గురి తప్పుతుంది. అదే కారణంతో నేపాలీ పాత్ర చేత వచ్చీరాని తెలుగు మాట్లాడించకూడదు. అతనికి మాట అవసరమైతే శుద్ధమైన, మామూలు తెలుగే ఇవ్వాలి. ఇంకా మంచి పని, అతను మౌనంగా ఉండి చిత్రంలో చేస్తున్న పని మాట్లాడటం.

షెర్పా అన్నది ఒక జాతి పేరు. "నా షెర్పా" అని డబ్బు పెట్టినవాడి నోట వస్తే అది అతని అహంకారాన్ని చూపుతుంది కాబట్టి అనుమతించవచ్చు. కార్టూనిస్టు తన సొంత వ్యాఖ్యలో అలా రాయరాదు.

రికార్డుల మీద రాసేటప్పుడు పొడవే హాస్యం కాబట్టి పన్నెండు మాటల నియమాన్ని ఒక్కసారికి సడలించవచ్చు. వేదిక మీద వ్యాఖ్యాత చదువుతూ ఉంటాడు: "గౌతమి ఎడమ గట్టున పుట్టి, వైనతేయ కుడి గట్టున పెళ్ళాడి, నలభై దాటాక, శనివారం పూట ఎవరెస్టు ఎక్కిన మొట్టమొదటి వ్యక్తి!" ప్రేక్షకులలో ఒకాయన పక్కాయనతో: "మరి ఆదివారం ఎక్కినాయన వచ్చే వారం వస్తారాండీ?"

8. ఒక కార్టూన్‌ను మొదటి నుంచి చివరి వరకు కట్టడం

ఇప్పటి వరకు చెప్పినవన్నీ ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాము.

మొదటి అడుగు, గురి వాక్యం: "తన బరువు మోసినవారిని మరచిపోయి, ఒక్కడినే ఎక్కానని చెప్పుకునేవాడిని చూసి నవ్విస్తున్నాను."

రెండవ అడుగు, వాస్తవం: సిలిండర్లను పై శిబిరాలకు మోసేది షెర్పాలు. ఐస్‌ఫాల్‌లో నిచ్చెనలు కట్టేవారూ, పైన తాడు బిగించేవారూ ముందే వెళ్ళి ఉంటారు.

మూడవ అడుగు, డెల్టా దృశ్యం: అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో సన్మాన సభ. వేదిక పక్కన కొబ్బరి చెట్టు, దాని నీడలో దింపు కార్మికుడు.

నాలుగవ అడుగు, తొలి చిత్తు: వేదిక మీద శాలువాతో, మెడలో దండలతో వీరుడు మైకు పట్టుకుని ఉన్నాడు. మాటల బుడగ: "ఆ మంచులో, ఆ చలిలో, ఎవరి తోడూ లేకుండా ఒంటరిగా నేను ఎవరెస్టు శిఖరాన్ని జయించాను!" దింపు కార్మికుడి మాట: "ఒంటరిగా వెళ్ళారంటున్నారు కదండీ, మరి అంత బరువైన ఆక్సిజన్ సిలిండర్లు, డేరాలు, తిండి సామాను అన్నీ మీరే మోసుకుపోయారా?"

ఇందులో తప్పులు మూడు. రెండు మాటలూ పొడవైనవి. కార్మికుడి ప్రశ్న జాబితాగా మారింది. అన్నిటికంటే ముఖ్యంగా, బరువు మాటల్లోనే ఉంది, బొమ్మలో లేదు.

ఐదవ అడుగు, సవరణ: వీరుడి మాటను "ఒక్కడినే ఎక్కాను!" అన్న రెండు పదాలకు కుదించాలి. వేదిక వెనుక గుడ్డ తెర మీద అతని శిఖరం ఫోటోను పెద్దదిగా గీయాలి. ఆ ఫోటోలో అతను జెండా పట్టుకుని ఉండగా, అంచున, ఫోటోగ్రాఫర్ సరిగ్గా కత్తిరించని చోట, రెండు సిలిండర్లు మోస్తున్న ఒక భుజం, ఒక బూటు కనిపించాలి. ఆ భుజం ఎవరిదో పేరు ఉండదు.

ఆరవ అడుగు, చూపు నడక: తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాము కాబట్టి వీరుణ్ణి ఎడమన, ఫోటోను మధ్యన, కార్మికుణ్ణి కుడి చివరన ఉంచాలి. ముందు గొప్ప, తరువాత రుజువు, చివర ప్రశ్న.

ఏడవ అడుగు, చివరి వ్యాఖ్య. కార్మికుడు భుజాన బందం, నడుముకు కత్తి ఉండగా, ఫోటో అంచు వైపు చూస్తూ పక్కనున్నాయనతో అంటాడు: "మరి ఆ ఫోటో ఎవరు తీశారండీ?"

సిలిండరు గురించి అడగడం కంటే ఫోటో గురించి అడగడం ఎందుకు మేలు? సిలిండరు బొమ్మలో ఇప్పటికే ఉంది. అదే సంగతి మాటలో మళ్ళీ చెబితే పాఠకుడు కనిపెట్టవలసినది మిగలదు. ఫోటో ప్రశ్న వల్ల అతని చూపు మళ్ళీ తెర మీదికి పోయి, అప్పుడే అంచున ఉన్న భుజాన్ని కనిపెడుతుంది. ఈ రెండవ చూపు కోసమే ఇన్ని మార్పులు చేశాము.

9. తరచు కనిపించే తప్పులు, దిద్దుబాట్లు

శిఖరం మీద ఇడ్లీ బండి, టీ కొట్టు పెట్టడం: ఇది చాలాసార్లు గీయబడిన బొమ్మ. కొట్టు పెట్టాలనే ఉంటే, ఆ కొట్టుకు సరుకు మోసుకొచ్చినవాడు అందులో ఏం కొంటున్నాడో గీయండి, చిత్రం కొత్తదవుతుంది.

జారిపడటాన్ని హాస్యంగా వాడటం: డెల్టాలో అరటి తొక్క మీద జారితే నవ్వవచ్చు, 8,000 మీటర్ల మీద జారితే మరణమే. పాత్ర పడవలసి వస్తే సన్మాన వేదిక మెట్ల మీద పడనివ్వండి.

అన్ని గురులనూ ఒకే బొమ్మలో నింపడం: వరుస, చెత్త, ఫ్లెక్సీ, సెల్ఫీ నాలుగూ ఉంటే పాఠకుడికి ఏదీ గుర్తుండదు. ఒకటి ఉంచి మిగతా మూడింటిని తరువాతి వారాలకు దాచుకోవాలి.

ఆడవారిని "వంటిల్లు వదిలి కొండెక్కింది" అన్న తీరులో చూపడం: ఇందులో గురి పర్వతారోహణ ఆర్భాటం కాదు, ఆడమనిషి. దిద్దడానికి వీలులేదు, పక్కన పెట్టేయాలి.

సంస్థల చిహ్నాలు గీయడం: సూటు నిండా ప్రకటనల గుర్తులు ఉండటం మంచి వ్యంగ్యమే. అయితే నిజమైన కంపెనీ గుర్తుల బదులు ఊరి ప్రకటనలు రాయండి: కొబ్బరి పీచు వ్యాపారం, రొయ్యల మేత, ట్యూషన్ సెంటరు. భీమవరం పాఠకుడు రొయ్యల మేత ప్రకటనను ఎవరెస్టు మీద చూసి తప్పకుండా నవ్వుతాడు.

10. పంపే ముందు

గీసిన చిత్రాన్ని ఒక రోజు పక్కన పెట్టి, తరువాత ఇద్దరికి వివరణ లేకుండా చూపాలి. ఒకరు పర్వతారోహణ గురించి ఏమీ తెలియనివారు, మరొకరు కొంత తెలిసినవారు కావాలి. మొదటివారు నవ్వకపోతే డెల్టా దృశ్యం సరిపోలేదు. రెండవవారు ముఖం చిట్లిస్తే వాస్తవం ఎక్కడో తప్పింది. వారు నవ్వినప్పుడు ఎవరిని చూసి నవ్వారో అడగండి. జవాబు మీ గురి వాక్యంతో కలవాలి.

☐ గురి వాక్యం ఒక్కటే ఉన్నది
☐ బరువు మోసేవాడు నవ్వుకు వస్తువు కాలేదు
☐ మరణం, మంచుచరియ, తొక్కిసలాట ఛాయలు లేవు
☐ తాడు, గొట్టం, గాలి దిశ సరిగ్గా ఉన్నాయి
☐ డెల్టా వస్తువును కప్పితే నవ్వు పోతోంది
☐ చిత్రాన్ని అగ్గిపెట్టె పరిమాణానికి తగ్గించినా చేతిరాత చదవగలుగుతున్నారు

కాగితం మీద గీసినవారు 300 డీపీఐ వద్ద స్కాన్ చేసి, నేపథ్యంలోని బూడిద రంగును పూర్తి తెలుపుకు మార్చాలి. లేకపోతే మంచు మురికిగా అచ్చవుతుంది. సంక్రాంతి, దీపావళి ప్రత్యేక సంచికలకు పంపదలచినవారు చివరి తేదీని ముందే కనుక్కుని, ఫ్లెక్సీ, సన్మానం వంటి కాలంతో మారని గురులను వాటికి కేటాయించాలి. వరుసల మీది కార్టూన్లు ఏప్రిల్, మే నెలల్లోనే పండుతాయి.

ప్రతి చిత్రం వెనుక గీసిన తేదీ, అందులో వాడిన అంకెలు రాసి పెట్టుకోవాలి. అనుమతి రుసుములు, నిబంధనలు మారుతూ ఉంటాయి. పాత చిత్రంలో 11,000 డాలర్ల చీటీ ఉంటే, మళ్ళీ ప్రచురణకు ఇచ్చే ముందు దాన్ని 15,000గా దిద్దాలి. ఎత్తును 8,848 మీటర్లని పూర్ణాంకంగా రాసినవారు దిద్దనవసరం లేదు.